చెవిలో అలను చూసిన బేకేషి

జార్జ్ వాన్ బేకేషి 1899 జూన్ 3న హంగరీలోని బుడాపెస్ట్‌లో పుట్టారు. తండ్రి దౌత్యాధికారి. ఆయన ఉద్యోగం వెంట కుటుంబం మ్యూనిక్, కాన్‌స్టాంటినోపుల్, జ్యూరిక్ నగరాల్లో గడిపింది. ఇంట్లో ఒక భాష, వీధిలో మరొకటి వింటూ పెరిగే మన పిల్లలకు ఇలాంటి బాల్యం కొత్త కాదు.

బెర్న్‌లో రసాయనశాస్త్రం చదివి, 1923లో బుడాపెస్ట్‌లో భౌతికశాస్త్ర డాక్టరేట్ పొందారు. చేరింది మాత్రం హంగరీ తపాలా శాఖ టెలిఫోన్ ప్రయోగశాలలో. టెలిఫోన్‌ను ఎంత మెరుగుపరచాలో తేలాలంటే ముందు చెవి ఎంత వినగలదో తెలియాలి. అలా ఆయన దృష్టి చెవి మీదికి మళ్లింది.

ధ్వని తాకితే కర్ణభేరి అదురుతుంది. మూడు చిన్న ఎముకలు ఆ అదురును నత్తగుల్లలా చుట్టుకుని ఉండే కర్ణావర్తానికి చేరవేస్తాయి. అందులోని సన్నని పొర మీద ఉన్న రోమకణాలు కదలికను నాడీ సంకేతంగా మార్చి మెదడుకు పంపుతాయి. మరి కీచు ధ్వనిని, బొంగురు ధ్వనిని చెవి ఎలా వేరుచేస్తుంది?

బేకేషి చనిపోయినవారి చెవులను సేకరించి, సూక్ష్మదర్శిని కింద తెరిచి, వెండి పొడి చల్లి, ఆగి ఆగి వెలిగే దీపకాంతిలో పొరను చూశారు. తాడు కొస విదిలిస్తే సాగినట్టు దాని మీద అల సాగింది. కీచు ధ్వనికి అల పొర మొదట్లోనే ఎత్తుకు లేచింది. బొంగురు ధ్వనికి చివరిదాకా వెళ్లింది. ఈ సంగతి 1928లో ప్రచురించారు. 1947లో హార్వర్డ్ చేరారు. వినేవారే మీట నొక్కుతూ తమ వినికిడిని కొలుచుకునే పరికరాన్నీ రూపొందించారు. 1961లో వైద్యశాస్త్ర నోబెల్ వచ్చింది. 1972 జూన్ 13న హవాయిలో కన్నుమూశారు.

ఆయన చూసినవి ప్రాణం లేని చెవులు. బతికున్న చెవిలో కొన్ని రోమకణాలు అలను పెంచి, ధ్వనులను మరింత నిశితంగా వేరుచేస్తాయని తర్వాతివారు తేల్చారు. ఆ కణాలు మనిషిలో ఒకసారి పోతే తిరిగి పుట్టవు.

కర్ణావర్తం మొదటి భాగం దెబ్బతింటే స, శ వంటి హల్లులు జారిపోతాయి, అచ్చులు వినిపిస్తూనే ఉంటాయి. అలాంటి బిడ్డ పిలిస్తే పలుకుతుంది, డిక్టేషన్‌లో మాత్రం తప్పులు రాస్తుంది. మన బడుల్లో ఆ తప్పులను రెండు భాషల గందరగోళమనుకోవడం తేలిక. అందుకే మీడియం మార్చే ఆలోచన చేసేముందు ఒకసారి వినికిడి పరీక్ష చేయిద్దాం.