డాక్టరు యల్లాప్రగడ సుబ్బారావుగారు

దమ్ముచేలో కాడి మోయు ఎద్దును దినదినము చూచు డెల్టా రైతునకు దాని కాలు కదలుట వింతగా తోచదు. మెదడునుండి వెన్నుపాము ద్వారా వెడలు నరము కొమ్మలుగా, రెమ్మలుగా చీలి, తుదకు సన్నని పోగులై కండరమును చేరునని శారీరశాస్త్రజ్ఞులు కత్తితోను, సూక్ష్మదర్శినితోను జాడ తీసి చూపిరి. ఆజ్ఞ వచ్చు త్రోవ అట్లు తెలిసినది. కాని ఆజ్ఞ అందిన పిమ్మట కండరము ముడుచుకొనుటకు వలయు బలము ఎక్కడిది? ఈ ప్రశ్నకు సమాధానము వెదకి లోకమునకు అందించిన వారిలో ఒకరు భీమవరమున పుట్టిన డాక్టరు యల్లాప్రగడ సుబ్బారావుగారు.

వారు 1895వ సంవత్సరము జనవరి 12వ తేదీన జగన్నాథముగారికిని, వెంకమ్మగారికిని జన్మించిరి. ఇంట కలిమి లేదు. రాజమహేంద్రవరమున కొంతకాలము చదివిరి. రెండుమార్లు తప్పి, మూడవమారు మద్రాసునందు మెట్రిక్యులేషను పరీక్షలో కృతార్థులైరి. కుమారుడు చదువు మానరాదని తల్లి పట్టిన పట్టు వారి జీవితమునకు మొదటి పెట్టుబడి. పిమ్మట మద్రాసు వైద్యకళాశాలలో చేరి, స్వదేశీ ఉద్యమ ప్రభావమున ఖద్దరు ధరించిరి. అది శస్త్రచికిత్స బోధించు ఆంగ్లేయ ఆచార్యునకు రుచింపలేదు. ఫలితముగా ఎం.బి.బి.ఎస్. పట్టమునకు బదులు దానికి తక్కువదైన ఎల్.ఎం.ఎస్. మాత్రమే చేతికి వచ్చెను.

ఆ పట్టముతో ప్రభుత్వ వైద్యశాఖలో చోటు దొరకక, మద్రాసు ఆయుర్వేద కళాశాలలో శారీరశాస్త్రము బోధించిరి. ఆ కాలముననే వారి సోదరులిద్దరు స్ప్రూ అను గ్రహణివ్యాధికి కొలదిదినముల వ్యవధిలో బలియైరి. మందులేని వ్యాధికి మందు వెదకవలెనను దీక్ష వారి మనస్సున స్థిరపడెను. మామగారి సహాయముతోను, కాకినాడయందలి మల్లాడి సత్యలింగ నాయకరు ధర్మసంస్థ చేయూతతోను ఓడ యెక్కి, 1923 అక్టోబరులో అమెరికాలోని బోస్టను నగరము చేరిరి. 1919లో వివాహమాడిన భార్య శేషగిరిగారు ఇచ్చట నిలిచిపోయిరి.

హార్వర్డు విశ్వవిద్యాలయమున ఉష్ణమండల వ్యాధులను చదువుచు, పొట్టగడుపుకొనుటకు ఆసుపత్రిలో సేవకుని పనులు చేసిరి. పిదప సైరస్ ఫిస్క్ అను ఆచార్యునితో కలిసి రక్తమునందును, మూత్రమునందును గల భాస్వరమును రంగు ననుసరించి కొలుచు పద్ధతిని 1925లో ప్రకటించిరి. వారిరువురి పేర్లతో వెలసిన ఆ పద్ధతిని పెక్కు దశాబ్దములపాటు ప్రపంచమందలి ప్రయోగశాలలు అనుసరించినవి.

కొలబద్ద చేతికి రాగానే వారు పిల్లి కండరములను పరిశీలింపసాగిరి. విశ్రాంతి స్థితిలోని కండరమున అంతవరకు ఎవరును గుర్తింపని భాస్వర పదార్థము కనబడెను. అది అతి సులభముగా విచ్ఛిన్నమగునది గనుకనే పూర్వుల కంటికి చిక్కలేదు. విద్యుత్తుచే ప్రేరేపింపగా కండరము ముడుచుకొనెను. ఆ పదార్థము విడిపోయి తగ్గెను. విశ్రాంతి నీయగా మరల కూడుకొనెను. 1927లో వెల్లడియైన ఆ పదార్థమే ఫాస్ఫోక్రియాటిను. ఇంచుమించు అదే సమయమున ఇంగ్లండులో ఎగ్లెటన్ దంపతులును దాని ఉనికిని గ్రహించిరి. 1929లో ఫిస్క్, సుబ్బారావుగారలు అడినోసిన్ ట్రైఫాస్ఫేటు అను మరియొక పదార్థమును వేరుచేసిరి; జర్మనీలో లోమాన్ అను శాస్త్రజ్ఞుడును ఆ యేడే దానిని కనుగొనెను. కండరపు పనికి నేరుగా శక్తి నిచ్చునది ఇదియే యనియు, ఖర్చయిన దీనిని వెంటనే పూరించు నిలువ ఫాస్ఫోక్రియాటిననియు తరువాతి పరిశోధకులు తేల్చిరి. దానితో కండరపు బలమునకు లాక్టికామ్లమే మూలమను పూర్వసిద్ధాంతము సడలిపోయెను. నరము ఆజ్ఞను మాత్రమే తెచ్చును. బలము కండరములోనే నిలువయుండును. పిల్లికైనను, ఎద్దుకైనను, మనుష్యునకైనను నియమ మొక్కటియే.

ఇంత సాధించినను హార్వర్డున వారికి స్థిరమైన పదవి లభింపలేదు. 1940లో లెడర్లీ ఔషధసంస్థలో చేరి, రెండేండ్లలో పరిశోధనాధిపతులైరి. వారి నాయకత్వమున 1945లో ఫోలికామ్లము కృత్రిమముగా తయారయ్యెను. సోదరులను బలిగొన్న స్ప్రూ వ్యాధికి అది మందుగా ఉపకరించెను. దానికి విరోధియగు అమినోప్టెరినుతో సిడ్నీ ఫార్బర్ అను వైద్యుడు 1948లో పిల్లల రక్తపు క్యాన్సరును తాత్కాలికముగా నిలువరించి చూపెను. డగ్గర్ కనుగొనిన ఆరియోమైసిన్ సైతము ఆ సంస్థ ఫలమే.

గోదావరి జిల్లాలవారు మరువరానిది హెట్రజాను. కాలువలు, మురుగుగుంటలు, దోమలు గల సీమలలో బోదకాలు తరతరాల పీడ. ఆ వ్యాధి కలిగించు క్రిముల జాతివే అయిన క్రిములు సోకిన ఎలుకలపైనను, కుక్కలపైనను పరీక్షించి ఈ మందును 1947లో వెల్లడించిరి. ఆ మందే డైఇథైల్‌కార్బమజైన్ అను పేర, 2004 మొదలు భారత ప్రభుత్వము బోదకాలు నిర్మూలనకై ఇంటింట పంచిన మాత్ర. కుక్కలకు గుండెలో చేరు పురుగులు సోకకుండ నివారించుటకును పశువైద్యులు దీనిని చిరకాలము వాడిరి.

1948 ఆగస్టులో, ఏబదిమూడవ యేట, సుబ్బారావుగారు అమెరికాలోనే నిద్రలో కన్నుమూసిరి. పాతికేండ్లలో ఒక్కమారైనను స్వదేశము చూడలేదు. నోబెలు బహుమానము రాలేదు. కీర్తికై వారు ప్రాకులాడనులేదు. ఒక శిలీంధ్రజాతికి సుబ్బరోమైసిస్ అని శాస్త్రజ్ఞులు పేరుపెట్టిరి. శతజయంతి సంవత్సరమైన 1995లో భారత ప్రభుత్వము తపాలాబిళ్ల వెలువరించెను. ఆ జీవితపు వెలను శేషగిరిగారు ఇంట నుండియే చెల్లించిరి. ఆ మందులతో కోలుకొనినవారిలో ఆ దంపతుల పేర్లు వినినవారు బహుకొద్దిమంది. మెట్రిక్యులేషను రెండుమార్లు తప్పిన బాలుడు ఏ గ్రామముననున్నను, ఈ చరిత్ర అతని చేతికి అందదగినది.