గంగపై పడవే ఇల్లుగా: ఏనుగుల వీరాస్వామయ్య

కృష్ణ, తుంగభద్రల నడుమ నివసించే మనకు పుట్టి ఎక్కి ఏరు దాటడం కొత్త కాదు. ఒడ్డు విడిచిన కొద్దిసేపటికే ఆవలి ఒడ్డు చేరుతాము. ఆ కొద్దిసేపైనా పిల్లల చేయి గట్టిగా పట్టుకుంటాము. అట్టిది, సుమారు నూరుమందిని వెంట తీసుకొని, రోజుల తరబడి పడవలనే నివాసంగా చేసుకొని మహానదిపై సాగిన తెలుగువాడు ఒకరున్నారు. ఆయనే ఏనుగుల వీరాస్వామయ్య.

చిన్ననాడే తండ్రిని కోల్పోయిన వీరాస్వామయ్య స్వయంకృషితో విద్య గడించి, మద్రాసు సుప్రీంకోర్టులో దుభాషిగా ఉన్నత స్థానం పొందారు. 1830 మే 18న కుటుంబంతోను, పరివారంతోను కాశీయాత్రకు బయలుదేరారు. దేశంలో అప్పటికి రైలు లేదు. మన రాయచూరులో మద్రాసు, బొంబాయి రైలుమార్గాలు కలిసింది 1871లో, అనగా మరి నాలుగు దశాబ్దాల తరువాత. ఆ బృందం కడప, అహోబిలం, శ్రీశైలం మీదుగా వచ్చి, కృష్ణను దాటి, వనపర్తి మార్గాన హైదరాబాదు చేరింది. అచటినుండి నాగపూరు, జబ్బల్పూరుల మీదుగా ప్రయాగకు సాగింది.

అంతవరకు పల్లకీలు, బోయీలు, కాలినడక. ప్రయాగ నుండి నదీయానం మొదలైంది. పడవలపై కాశీకి, ఆపై పాట్నాకు, గయా యాత్ర ముగిసిన పిదప కలకత్తా దిశగా ప్రయాణించారు. గంగపై ఆవిరి పడవల రాకపోకలు క్రమంగా ఆరంభమైనది 1834లో. కనుక వీరాస్వామయ్యకు ఆధారం ప్రవాహము, తెరచాప, తెడ్లు, గడలు మాత్రమే. ఎదురుగాలి వీచినచో ప్రవాహం వెంట పోయే పడవ సైతం నిలిచిపోవలసినదే. ఏటేటా చోటు మారే ఇసుకతిన్నెలు మరొక గండం. చీకటి పడకముందే ఒడ్డు చూసి పడవలు కట్టివేయాలి. స్నానసంధ్యలకు, మడివంటకు ఒడ్డుకు దిగాలి. ఎండుకట్టెలు దొరికే చోటు, దొంగల భయం లేని రేవు ముందే విచారించుకోవాలి. ఇరుకైన పడవలో వృద్ధులకు జ్వరం వచ్చినా, పసివారు ఏడ్చినా యజమాని నిర్ణయమే అందరికీ శరణ్యం. ఇందరి ప్రాణాల భారం ఆయన ఒక్కరిపైనే ఉండేది.

అంతటి బాధ్యతలోను ఆయన కలం ఆగలేదు. దారిలోని మజిలీలు, దూరాలు, సరకుల లభ్యత, ఆయా దేశాల ఆచారాలు వ్రాసి, మిత్రుడైన కోమలేశ్వరపురం శ్రీనివాస పిళ్ళెకు పంపుతూ వచ్చారు. తాను పడిన శ్రమ తరువాతి యాత్రికునికి తగ్గవలెనన్నదే ఆ వ్రాతలలో కనిపించే శ్రద్ధ.

పదిహేను నెలలకు పైబడిన యాత్ర ముగించి 1831 సెప్టెంబరు 3న ఆయన మద్రాసు చేరారు. 1836లో కన్నుమూశారు. 1838లో శ్రీనివాస పిళ్ళె ఆ లేఖలను కాశీయాత్ర చరిత్రగా అచ్చువేయించారు. 1941లో దిగవల్లి వేంకట శివరావు దానిని మరల పరిష్కరించి వెలువరించారు.

కాశీకి పోయి తిరిగివచ్చిన వారెందరో ఉన్నారు. దారిని వెనుకవచ్చేవారికి చూపినవారు కొందరే. వారిలో వీరాస్వామయ్య అగ్రగణ్యులు. మన ఇళ్లలో ఎవరైనా దూరప్రయాణం చేసి వచ్చినప్పుడు, చూసినది నాలుగు పంక్తులైనా వ్రాసి ఉంచితే, అదే ఆయనకు మనమిచ్చే నివాళి.