విలియం బర్న్‌సైడ్

నౌకాసేనాధికారులకు గణితము బోధించుచు, స్వదేశీయులు లక్ష్యపెట్టని యొక శాస్త్రభాగమునకు జీవితమును ధారవోసిన ఆంగ్లపండితుడు విలియం బర్న్‌సైడ్. ఈయన 1852 జూలై 2వ తేదీన లండనులో జన్మించెను. బాల్యముననే తలిదండ్రులను గోల్పోయి, ధర్మసంస్థయగు క్రైస్ట్స్ హాస్పిటల్ పాఠశాలలో చదివి, కేంబ్రిడ్జి చేరి, 1875లో గణితపరీక్షయందు రెండవ స్థానము నొందెను. పడవపందెములలోను పేరుగాంచెను. 1885లో గ్రీనిచ్ నౌకాకళాశాలయం దాచార్యుడై 1919 వరకు నచ్చటనే యుండెను.

చతురస్రాకారమగు పలకను దాని చోటనే యొదుగునట్లు త్రిప్పియు బోర్లించియు నుంచు విధము లెనిమిది. వానిలో నేరెండింటిని వరుసగ నొనర్చినను ఫలము ఆ యెనిమిదింటిలోనిదే యగును. ఇట్టి క్రియల కూటమికి సమూహమని పేరు. సభ్యుల సంఖ్యకు మితి యున్నచో నది పరిమితసమూహము. ఈ విషయమున బర్న్‌సైడు 1897లో నొక గ్రంథమును ప్రకటించెను. క్రియలను సంఖ్యాపట్టికలుగ మార్చి పరీక్షించు పద్ధతివలన విశేషలాభము కానరాదని దాని పీఠికలో వ్రాసి, దానిని విడిచిపెట్టెను.

బెర్లినులో ఫ్రొబీనియసు 1896 నుండియే ఆ పద్ధతికి ప్రాణము పోయుచుండెను. బర్న్‌సైడు తానును దానిని చేపట్టెను. సభ్యుల సంఖ్యను నిశ్శేషముగ భాగించు ప్రధానసంఖ్యలు రెండింటికి మించనిచో, ఆ సమూహమును మెట్టుమెట్టుగ విడదీయుచు, ప్రధానసంఖ్య సభ్యులుగల చిన్నసమూహములదాక దిగవచ్చునని 1904లో దానితోడనే నిరూపించెను. ఆ పద్ధతి నాశ్రయింపని రుజువు 1970 దశకమువరకు పూర్తిగ దొరకలేదు. 1911లో వెలువడిన రెండవ కూర్పునందు ఆయన తన పూర్వాభిప్రాయము చెల్లదని పీఠికలోనే యొప్పుకొని, నూతనాధ్యాయములను జేర్చెను. అచ్చయిన మాటను అచ్చులోనే దిద్దుకొను పండితులు మనలో నెందరు గలరో!

1908లో లండను గణితసంఘమున నధ్యక్షోపన్యాస మిచ్చుచు, ఇంగ్లండులో నీ శాస్త్రమునకు నాదరణ లేకుండుటకు చింతించెను. సామ్రాజ్యము విస్తరించినంతమాత్రమున విద్యాభిరుచి విస్తరింపదుగదా! 1927 ఆగస్టు 21వ తేదీన బర్న్‌సైడు గతించినప్పుడు, టైమ్స్ పత్రిక ఆయనను కేంబ్రిడ్జి క్రీడాకారులలో ప్రసిద్ధుడని స్మరించెను.

బేసిసంఖ్య సభ్యులుగల సమూహము లన్నియు నట్లే విడివడునని ఆయన యూహించియుండెను గాని నిరూపింపలేకపోయెను. 1963లో వాల్టర్ ఫైట్, జాన్ థాంప్సన్ అనువారు దానిని రుజువు చేసిరి. ఆ రుజువు 255 పుటలు. అమెరికాలోని యొక గణితపత్రిక సంచిక యంతయు దానికే సరిపోయెను.