యల్లాప్రగడ సుబ్బారావు

మీ ఇంట్లోనో, మీ వీధిలోనో తరచు కడుపునొప్పితో బాధపడేవారు ఉండే ఉంటారు. కారం మానెయ్యమని, మజ్జిగ తాగమని మీరూ సలహా ఇచ్చి ఉంటారు. కాని జబ్బుకు అసలు కారణం తెలియకుండా చేసే వైద్యం ఎంతవరకు పనిచేస్తుంది? కారణాలు వెతకడంలోనే జీవితం గడిపిన ఒక తెలుగు శాస్త్రజ్ఞుని గురించి ఈ పాఠంలో తెలుసుకొందాం.

యల్లాప్రగడ సుబ్బారావు 1895 జనవరి 12న భీమవరంలో జన్మించారు. పేద కుటుంబం. ఆయన మెట్రిక్యులేషన్ పరీక్ష మూడోసారికి గాని ప్యాసు కాలేదు. మధ్యలో చదువు ఆగిపోయినవారు ఈ మాట గుర్తుంచుకోవాలి. మద్రాసు వైద్య కళాశాలలో ఖద్దరు ధరించినందుకు ఒక ఆచార్యుని ఆగ్రహానికి గురయ్యారు. ఎం.బి.బి.ఎస్.కు బదులు అంతకంటె తక్కువదైన ఎల్.ఎం.ఎస్. పట్టాతో సరిపెట్టుకోవలసి వచ్చింది.

ఆయన సోదరులిద్దరు స్ప్రూ అనే పేగుల జబ్బుతో మరణించారు. ఈ జబ్బులో చిన్నపేగు లోపలి పొర దెబ్బతింటుంది. తిన్న ఆహారంలోని సారం ఒంటికి పట్టదు. విరేచనాలవుతాయి, రక్తం తగ్గిపోతుంది, మనిషి చిక్కి శల్యమవుతాడు. తరువాత సుబ్బారావుకూ అదే జబ్బు సోకింది. ఆచంట లక్ష్మీపతి గారి ఆయుర్వేద చికిత్సతో ఆయన బతికి బయటపడ్డారు.

1923లో ఆయన అమెరికా వెళ్ళారు. ఆసుపత్రిలో రాత్రిపూట చిన్న పనులు చేస్తూ హార్వర్డ్ విశ్వవిద్యాలయంలో చదివారు. శరీరానికి శక్తినిచ్చే ఎ.టి.పి. అనే పదార్థాన్ని 1929లో గుర్తించినవారిలో ఆయన ఒకరు. 1940లో లెడర్లీ మందుల సంస్థలో చేరి, పరిశోధనలకు నాయకత్వం వహించారు. ఆయన బృందం 1945లో ఫోలిక్ ఆమ్లాన్ని ప్రయోగశాలలో తయారుచేసింది. స్ప్రూ రోగుల రక్తహీనతకు అది మందయింది. అక్కడే డగ్గర్ అనే శాస్త్రజ్ఞుడు మట్టిలోని సూక్ష్మజీవి నుండి ఆరియోమైసిన్ కనుగొన్నారు. టెట్రాసైక్లిన్ జాతి మందుల్లో అదే మొదటిది. ఆ మందు సంగతి లోకానికి తెలిసిన 1948లోనే, ఆగస్టు నెలలో, సుబ్బారావు 53 ఏళ్ళ వయసులో కన్నుమూశారు.

ఇప్పుడు స్ప్రూ రోగికి ఇచ్చే ముఖ్యమైన మందులు రెండు: ఫోలిక్ ఆమ్లం, టెట్రాసైక్లిన్. సోదరులను పొట్టన పెట్టుకున్న జబ్బుకు మందుల దారి ఆయన ప్రయోగశాల నుండే మొదలైంది.

కడుపులో పుండు, అంటే అల్సర్ విషయంలోనూ కారణం ఆలస్యంగానే తెలిసింది. కారం, దిగులు దీనికి మూలమని చాలాకాలం నమ్మారు. 1982లో ఆస్ట్రేలియా వైద్యులు మార్షల్, వారెన్ హెలికోబాక్టర్ పైలోరీ అనే బాక్టీరియాను పెంచి చూపారు. చాలా అల్సర్లకు అదే కారణమని తేలింది. 2005లో వారికి నోబెల్ బహుమతి లభించింది. నొప్పి మాత్రలు ఎక్కువగా వాడటం మరో ముఖ్య కారణం. బాక్టీరియా ఉంటే ఆమ్లాన్ని తగ్గించే మందుతోపాటు యాంటీబయాటిక్‌లు ఇస్తారు. వాటిలో టెట్రాసైక్లిన్ కూడా ఒకటి. నొప్పి తగ్గిందని మందులు మధ్యలో ఆపకూడదు. మలం నల్లగా తారులా వచ్చినా, వాంతిలో రక్తం పడినా వెంటనే ఆసుపత్రికి వెళ్ళాలి.

మీ ప్రగతిని పరీక్షించుకోండి

1. స్ప్రూ జబ్బులో మనిషి ఎందుకు చిక్కిపోతాడు?
2. అల్సర్‌కు రెండు ముఖ్య కారణాలు రాయండి.
3. మీకు తెలిసినవారెవరైనా కడుపునొప్పికి రోజూ నొప్పి మాత్రలు వేసుకుంటుంటే వారికి ఏమి చెబుతారు? ఐదు వాక్యాల్లో రాయండి.