వేగోపాసకుడు బర్ట్ మన్రో

దక్షిణ పసిఫిక్ మహాసముద్రమున న్యూజిలాండు అను ద్వీపదేశము కలదు. ఆ దేశపు దక్షిణపు కొసన, ఇంక నావల కొన్ని చిన్న దీవులును మంచుఖండమును తప్ప చెప్పుకొనదగిన నేల లేదన్నట్లుండు చోట, ఇన్వర్‌కార్గిల్ అను పట్టణమున్నది. హెర్బర్ట్ జేమ్స్ మన్రో అచ్చట 1899 వ సంవత్సరము మార్చి 25 వ తేదీన జన్మించెను. తండ్రి కృషీవలుడు. అది కవలల కాన్పు. తోడుగా పుట్టిన ఆడుశిశువు పురిటిలోనే గతించెను. మిగిలిన మగశిశువు సైతము రెండేండ్లకు మించి బ్రదుకడని వైద్యులు చెప్పిరట. వైద్యులు అట్లు ఆశ వదలుకొనిన ఆ శిశువే డెబ్బదియెనిమిదేండ్లు జీవించి, అందు ఏబదియేండ్లకు పైగా ఒకే యంత్రముతో పోరాడి, జగత్ప్రసిద్ధుడయ్యెను. లోకము అతనిని బర్ట్ మన్రో యని పిలుచును.

బాల్యము ఎడెన్‌డేల్ సమీపమునందలి పొలమున గడచెను. ఇంటనున్న గుఱ్ఱములలో మిక్కిలి వడిగలదానిని ఎక్కి పరుగెత్తించుట అతనికి ప్రాణము. తండ్రికి ఇది సరిపడలేదు. దుక్కి దున్నవలసిన కొడుకు పందెములకు ఎగబడుట ఏ దేశపు రైతునకు రుచించును? యౌవనమున కొంతకాలము ఓటిరా కొండసొరంగపు పనిలో కూలి చేసి, మరల తండ్రి పిలువగా సేద్యమునకు వచ్చెను. పిదప 1920 లో ఒక మోటారు సైకిలును కొనెను. అతని చరిత్రమంతయు అచ్చటనే ఆరంభము.

ఆ బండి పేరు ఇండియన్ స్కౌట్. పేరును చూచి అది మన దేశమున తయారైనదని భ్రమింపరాదు. వెనుకటి నావికులు అమెరికాను చేరి అదియే హిందూదేశమని తలచి అచ్చటి ఆదిమవాసులకు ఇండియనులని పేరు పెట్టిరి. ఆ తప్పుపేరే అమెరికాలో స్ప్రింగ్‌ఫీల్డ్ పట్టణమునందలి ఈ కర్మాగారమునకును సంక్రమించినది. ఆ బండికి రెండు సిలిండర్లు, పంగకఱ్ఱ వలె ఎడముగా నిలిచియుండును. రెంటి లోపలి పరిమాణము కలిసి 600 ఘనపు సెంటీమీటర్లు. దానిని గంటకు 55 మైళ్ళ వేగమునకు మించి నడుపుటకు దానిని చేసిన వారే ఉద్దేశింపలేదు. మన్రోకు అది చాలలేదు. 1926 నుండి దానిని విప్పి మార్చుటకు మొదలిడెను. ఆ విప్పుట మరి ముగియనేలేదు.

ఇట్టి పని అతడొక్కడే చేసినదికాదు. అమెరికాలో కాలిఫోర్నియా రాష్ట్రపు యువకులు ఫోర్డు వారి పాత కార్లను చౌకగా కొని, పైకప్పును మడ్‌గార్డులను ఊడదీసి బరువు తగ్గించి, ఇంజనును తామే తిరుగదిద్ది, ఎండిన చెరువులలో పందెములు వేయుచుండిరి. వానికి హాట్ రాడ్‌లని పేరు. 1932 లో ఫోర్డు కంపెనీ ఎనిమిది సిలిండర్ల ఇంజనును సామాన్యులకు అందుబాటగు వెలకు అమ్మిన పిమ్మట ఈ విద్య మరింత వ్యాపించెను. 1937 లో వారు కాలమును కొలుచుటకు ఒక సంఘమును స్థాపించుకొనిరి. 1949 నుండి యూటా రాష్ట్రమునందలి బానవిల్ ఉప్పుమైదానమున ఏటేట ఆ సంఘపు వేగోత్సవము జరుగసాగెను. వారికందరకు తోటివారి సలహాలును, విడిభాగములమ్ము అంగళ్ళును సమీపముననే లభించెను. మన్రోకు ఆ సదుపాయము లేదు. కావలసినది ఏదైనను తన చేతితో చేసికొనవలసినదే.

అతని పనితీరు వినదగినది. ఆయిల్ ఇంజనుతో నీరు తోడించిన రైతులందరకు పిస్టను తెలియును. సిలిండరులో రోకలి వలె పైకి క్రిందికి పోటు వేయునది అదియే. పిస్టను పోటును చక్రపు త్రిప్పుడుగా మార్చుటకు నడుమ నొక కడ్డీ యుండును. దానిని కనెక్టింగ్ రాడ్ అందురు. మన్రో పాత పిస్టనులను కరగించి, రేకుడబ్బాలను అచ్చులుగా నమర్చి, అందు కొత్తవానిని పోతపోసికొనెడివాడు. కనెక్టింగ్ రాడ్లను పాత ట్రాక్టరు ఇరుసునుండి కోసి, ఆకురాయితో రాచి, కాల్చి పదును పెట్టెను. సూక్ష్మముగా కొలుచుటకు కొన్న పరికరమునకు బదులు చక్రపు స్పోకు ఊచను వాడెనని చెప్పుదురు. మన కమ్మరి కంటితోనే నాగటికఱ్ఱు వాలును కనిపెట్టుట చూచినవారికి ఇది ఆశ్చర్యము కాదు.

అన్నింటికంటె ముఖ్యమైన మార్పు కవాటములకు సంబంధించినది. ఇంజనునకు ఊపిరి కవాటముల గుండ పోవును. స్కౌటులో అవి సిలిండరు ప్రక్కన ఉండెడివి. అందువలన గాలి వంకరదారిని త్రిప్పుకొని లోనికి పోవలసియుండెను. మన్రో వానిని సిలిండరు నెత్తిమీదికి మార్చెను. అప్పుడు గాలియు ఇంధనమును సూటిగా దిగును, ఎక్కువగా దిగును, ఎక్కువ బిగువుగ అదుమబడి ఎక్కువ బలముతో మండును. చెప్పుట రెండు వాక్యముల పని. చేయుటకు ఏండ్లు పట్టెను.

ఏలయన యంత్రమున ఒకభాగమును బలపరచినచో బాధ అంతతో తీరదు. ఆ భారము దాని ప్రక్కనున్న దుర్బలభాగము మీదికి పోవును. పిస్టను నిలిచినచో కడ్డీ విరుగును. కడ్డీ నిలిచినచో క్లచ్చి జారును. అది పట్టినచో గొలుసు తెగును. మితిమించిన వేడికి పిస్టను నెత్తి కరగి రంధ్రము పడును. నూనె ఒక్క క్షణము అందకున్న లోహము లోహమును పట్టుకొని ఇంజను బిగిసిపోవును. మన్రో ఇంజను ఎన్నిమారులు పగిలెనో లెక్కలేదు. పగిలిన ముక్కలను అతడు పారవేయలేదు. పాకలో ఒక బల్లమీద వరుసగా పేర్చి, అవి వేగమను దేవునికి తానిచ్చిన నైవేద్యములని అర్థము వచ్చునట్లు పలక వ్రాసి తగిలించెను. అది హాస్యమే, సందేహము లేదు. అయినను విరిగిన ముక్కను చూడనిదే అది ఏల విరిగెనో తెలియదు. ఆ బల్ల అతనికి గుడియు బడియు కూడ.

పగలు మోటారు సైకిళ్ళను అమ్ముట, మరమ్మతు చేయుట. రాత్రి తన బండి. ఇట్లు చాలకాలము నడచెను. 1927 లో వివాహము చేసికొనెను. నలుగురు బిడ్డలు కలిగిరి. 1940 దశాబ్దము చివర దాంపత్యము విచ్ఛిన్నమయ్యెను. తరువాత ఉద్యోగమును కూడ మానుకొని, ఒక పాకలో యంత్రముల ప్రక్కనే మంచము వేసికొని నివసించెను. అతనిని కొనియాడువారు ఈ భాగమును దాటవేయుదురు. అది సరికాదు. జూదరియే కాదు, యోగియైనను ఇల్లు విడిచినప్పుడు ఆ ఇంటిలోనివారు కొంత చెల్లింపక తప్పదు. మన్రో విద్యకు అయిన వ్యయమున ఇదియు నొక పద్దు.

దేహమును సైతము అతడు లెక్కచేయలేదు. పందెములలో పడి స్మృతి తప్పెను, మరియొకప్పుడు పండ్లు ఊడినవి. ఒకమారు కుక్క అడ్డు వచ్చి పడవైచెను. ఇన్వర్‌కార్గిల్ దగ్గరి ఓరెటీ అను సముద్రతీరమున ఇసుక గట్టిగను చదునుగను ఉండును, పరీక్షలన్నియు అచ్చటనే. 1940 నాటికి 55 మైళ్ళ బండి 120 మైళ్ళు దాటి తన దేశమున రికార్డు నెలకొల్పెను. 1950 దశాబ్దము చివర గుండెనొప్పి కూడ కనిపించెను. విశ్రాంతి తీసికొనవలసిన ఆ వయస్సుననే అతనికి బానవిల్ పోవలెనను కోరిక ముదిరెను.

1957 లో కేవలము ప్రేక్షకుడుగా పోయి చూచివచ్చెను. 1962 లో, అరువదిమూడవ యేట, బండిని ఓడ కెక్కించి, తాను అందు వంటపని చేయుచు ప్రయాణపు ఖర్చును తగ్గించుకొని అమెరికా చేరెను. అచ్చట చౌకబారు పాతకారును కొని, దాని వెనుక బండిని కట్టి ఉప్పుమైదానమునకు ఈడ్చుకొనిపోయెను. కొత్తకొత్త వాహనముల నడుమ నలువదేండ్లు దాటిన బండిని, దానికంటె పాతబడిన మనిషిని చూచినవారు ఏమనుకొనిరో ఊహింపవచ్చును. అయినను ఆ హాట్ రాడ్ వారిలో అతనికి చేయూతనిచ్చిన స్నేహితులు పెక్కురు లభించిరి.

బానవిల్ మైదానము సముద్రమట్టమునకు నాలుగువేల అడుగులకు పైబడిన ఎత్తున నున్నది. కనుచూపు మేర తెల్లని ఉప్పు. అంత యెత్తున గాలి పలుచన. తీరపు గాలికి సరిపడునట్లు దిద్దిన ఇంజను అచ్చట ఇంధనము ఎక్కువై ఉక్కిరిబిక్కిరియగును. కావున కార్బురేటరును మరల దిద్దవలెను. ఉప్పు తడిగ నున్నచో చక్రము జారి, ఇంజను త్రిప్పినంత దూరము బండి పోదు. వేగమును కొలుచుపద్ధతియు కఠినమే. ఒక దిక్కునకు పరుగెత్తిన చాలదు. ఎదురు దిక్కునకు కూడ పరుగెత్తి, రెంటి సగటును తీయవలెను. గాలివాటముగ వచ్చిన లాభము అట్లు చెల్లిపోవును. మన్రో బండికి చేప ఆకారముగల తొడుగు నమర్చి, దానిలో బోరగిల పరుండి నడిపెను. 1962 లో అతని సగటు గంటకు సుమారు 179 మైళ్ళు. అప్పటికి ఇంజను 850 ఘనపు సెంటీమీటర్లకు పెరిగియుండెను. ఆ తరగతిలో అది ప్రపంచపు రికార్డు. 1966 లో పైతరగతిలో 168 మైళ్ళతో మరియొకటి సాధించెను. అంకె చిన్నదైనను తరగతి వేరు.

1967 లో ఇంజను 950 అయినది. ఆ సంవత్సరము ఒక పరుగున, దారి సగము దాటిన పిమ్మట, బండి పాము వలె మెలికలు తిరుగసాగెను. ఆ వేగమున బ్రేకు పనికిరాదు. గాలి తాకిడికి వేగము తగ్గునని మన్రో తొడుగునుండి తల పైకెత్తెను. గాలి కండ్లద్దములను ఊడబెరికి, కనుగ్రుడ్లను లోనికి అదిమెను. చూపు లేదు. గీచిన నల్లగీత ఎక్కడనో మిగిలిపోయెను. ఉక్కుగూటము ఒకటి అంగుళముల దూరమున ప్రక్కగా పోయెను. చివరకు బండిని తానే ఒరిగించి పడవైచి, కొద్దిపాటి గీతలతో లేచెను. అరువదియెనిమిదేండ్ల హృద్రోగి! ఆ యేట ఆగస్టు నెలలోనే 1000 ఘనపు సెంటీమీటర్ల లోపు తరగతిలో 183.586 మైళ్ళని సంఘము వారు లెక్క వ్రాసికొనిరి.

పిదప మరికొన్నిమారులు అమెరికా పోయెను గాని ఆ వేగము మరల అందలేదు. వృద్ధాప్యమున ఆరోగ్యము క్షీణింపగా, యంత్రములను తన ఊరి వర్తకుడగు మిత్రునికి అమ్మెను. 1978 జనవరి 6 వ తేదీన ఇన్వర్‌కార్గిల్ నందే మరణించెను. ఆ బండి ఇప్పటికిని ఆ ఊరి ఈ. హేస్ అను ఇనుపసామానుల దుకాణమున నున్నది. మేకులు కొనవచ్చినవారు దానిని ఊరకే చూడవచ్చును. రోజర్ డోనాల్డ్‌సన్ అను దర్శకుడు మన్రో జీవించియుండగనే అతనిపై చిన్నచిత్రము తీసెను. 2005 లో ఆంథొనీ హాప్కిన్స్ నాయకుడుగా పెద్దచిత్రమును నిర్మించెను.

ఇక లెక్క సంగతి. నలోపాఖ్యానమున నలునికి అశ్వహృదయమును, ఋతుపర్ణునికి గణనవిద్యయు తెలియును; రథము తోలుచుండగనే చెట్టునందలి ఆకులను కాయలను లెక్కించి చెప్పిన రాజు అతడు. బానవిల్ నందు నలుడుండెను గాని లెక్క వ్రాసినవారు ఋతుపర్ణులు కారు. ఉత్తరదిక్కు పరుగు 184.710 మైళ్ళు, దక్షిణదిక్కు పరుగు 183.463. రెండును కూడిన 368.173; అందు సగము 184 కు పైబడి యుండవలెనని పద్దుల పుస్తకమెరిగిన యెవనికైనను తోచును. 183.586 ఎట్లు వచ్చును? ఈ తేడాను మన్రో కుమారుడు కనిపెట్టి అమెరికా మోటారు సైకిలు సంఘమునకు తెలియజేసెను. తండ్రి గతించి ముప్పదియారేండ్లు గడచిన పిమ్మట, 2014 లో, సంఘమువారు పాతకాగితములను పరిశీలించి, ముందు వ్రాసిన అంకెను కొట్టివేసి, 184.087 అని దిద్దిరి.