గిడుగు రామమూర్తి పంతులుగారు: చేయుటకు, చేయడానికి

మీరు ఎర్రబోరులో ఉన్నారనుకోండి. దోర్నపాల్ నుంచి కోంటాకు వెళ్లే దారి మీద ఉన్న ఊరు. ఇంట్లో దోర్లీ, సంతలో తెలుగు, బడిలో హిందీ. ఇవి చాలవన్నట్టు పరీక్ష ఇంగ్లీషులో. ఇన్ని భాషల మధ్య చదువుకోవడం కష్టమని మీకు అనిపించి ఉంటుంది. సరిగ్గా ఇలాంటి సరిహద్దు ఊళ్లోనే యాభై ఏళ్లకు పైగా బతికి, ఆ కష్టాన్నే విద్యగా మార్చుకున్న ఒక మాస్టారి కథ ఈ పాఠంలో చదువుతారు. ఇంగ్లీషు వ్యాకరణంలో ఇన్‌ఫినిటివ్ అనే అంశాన్ని కూడా ఆయన చూపిన పద్ధతిలోనే నేర్చుకుందాం.

గిడుగు వేంకట రామమూర్తిగారు 1863 ఆగస్టు 29న శ్రీకాకుళానికి దగ్గరలోని పర్వతాలపేటలో పుట్టారు. పన్నెండో ఏట తండ్రి వీర్రాజుగారు పోయారు. విజయనగరంలో బంధువుల ఇంట ఉండి మహారాజావారి ఇంగ్లీషు స్కూలులో చదువుకున్నారు. గురజాడ అప్పారావుగారు అక్కడ ఆయనకు సహాధ్యాయి. 1879లో మెట్రిక్యులేషన్ పాసయ్యారు. కుటుంబ భారం మీద పడడంతో కాలేజీకి వెళ్లలేదు. మరుసటి ఏడాదే పర్లాకిమిడి రాజావారి స్కూలులో ఉపాధ్యాయుడిగా చేరారు.

ఇక్కడ ఒక సంగతి గమనించండి. ఆయన పై చదువంతా మీ చదువులాంటిదే. పగలు బడిలో పాఠం చెప్పి, మిగిలిన సమయంలో తాను చదువుకుని, ప్రైవేటుగా పరీక్షలు రాశారు. మొదట ఎఫ్.ఎ., తర్వాత బి.ఎ. పట్టా చేతికి వచ్చేసరికి వయసు ముప్ఫై దాటింది. తర్వాత కాలేజీ తరగతులకు చరిత్ర చెప్పారు. ముఖలింగం గుడిలోని శాసనాలు చదవాలన్న కోరికతో పాత లిపులు కూడా తనంతట తానే నేర్చుకున్నారు.

పర్లాకిమిడిలో తెలుగు, ఒడియా రెండూ వినిపించేవి. చుట్టూ ఉన్న కొండల నుంచి సవరలు ఊళ్లోకి దిగేవారు. వాళ్ల మాట బజారులో ఎవరికీ తెలియదు. కాబట్టి బేరంలో, కచేరీలో మోసపోయేది వాళ్లే. రామమూర్తిగారు ఆ భాష నేర్చుకోవాలని నిశ్చయించుకున్నారు. నేర్చుకోవడానికి పుస్తకం లేదు. సవర భాషకు అప్పటికి లిపే లేదు. తెలుగు వచ్చిన సవరను ఇంట్లో ఉంచుకుని, అడిగి, విని, రాసుకుని నేర్చుకున్నారు. కొండలెక్కి సవర గూడేలకు వెళ్లారు. ఆ తిరుగుళ్లలో మలేరియా పట్టింది. దానికి వాడిన క్వినైను వల్ల చెవుడు వచ్చింది. మాటలు వినడమే పనిగా పెట్టుకున్న మనిషికి వచ్చిన కష్టం ఇది. అయినా పని మానలేదు.

సవర తెలుగు కుటుంబానికీ చెందదు, ఒడియా కుటుంబానికీ చెందదు. అది ముండా భాష. అందులో పని చేసే మాట, పని జరిగే వస్తువు పేరు కలిసి ఒకే క్రియగా అతుక్కుపోతుంటాయి. ఇలాంటి భాషకు సంస్కృత వ్యాకరణం చొక్కా తొడిగితే పట్టదు, ఇంగ్లీషు వ్యాకరణం చొక్కా తొడిగినా పట్టదు. మాట్లాడేవాళ్ల నోట ఏముందో అదే సూత్రం కావాలి. ఆయన అలాగే సవరలకు చదువు పుస్తకాలు తయారుచేశారు. అందుకు ప్రభుత్వం డబ్బు ఇవ్వబోతే, దానితో సవర పిల్లలకు బడి నడపమని కోరారు. ఆయన ఇంగ్లీషులో రాసిన సవర వ్యాకరణం 1931లో అచ్చయింది.

ఇప్పుడు తెలుగు సంగతికి వద్దాం. 1907 ప్రాంతంలో జె.ఎ. యేట్స్ అనే ఇంగ్లీషు దొర ఉత్తర కోస్తా జిల్లాలకు స్కూళ్ల ఇన్‌స్పెక్టరుగా వచ్చాడు. ఇంగ్లీషును బతికివున్న మాటగా, నేరుగా సంభాషణతో నేర్పాలన్న పద్ధతిని ఆయన బలపరిచాడు. మరి తెలుగును అలా ఎందుకు నేర్పడం లేదు? జనం మాట్లాడే తెలుగు వేరు, బడిలో రాయించే తెలుగు వేరు. ఈ ప్రశ్న చుట్టూ రామమూర్తిగారు, గురజాడవారు, విశాఖపట్నంలోని పి.టి. శ్రీనివాస అయ్యంగారు ఒకటయ్యారు. 1911లో రామమూర్తిగారు ఉద్యోగం నుంచి విరమించుకుని, ఇక అదే పనిగా పెట్టుకున్నారు.

తేడా ఎంత? ఒకే మాట తీసుకుని చూద్దాం. ఒక పిల్లవాడు వ్యాసంలో, నేను చదువుకోడానికి వచ్చాను అని రాస్తాడు. అప్పటి లెక్కలో అది తప్పు. నేను చదువుకొనుటకు వచ్చితిని అని రాయాలి. వాడి తల్లి అలా అనదు, తండ్రి అనడు, ఆ పాఠం చెప్పే పండితుడు కూడా ఇంట్లో అనడు. ఇంగ్లీషు పాఠం అర్థం చేసుకోవడానికి ఒక తెలుగు, తెలుగు పరీక్ష గట్టెక్కడానికి ఇంకొక తెలుగు. అంటే ఆ పిల్లవాడు ఇంగ్లీషుతో కలిపి మూడు భాషలు మోయాలి. 1912-13లో ప్రభుత్వం స్కూలు ఫైనలు వ్యాసాన్ని రెండింటిలో ఏ శైలిలోనైనా రాయవచ్చని అనుమతించింది. జయంతి రామయ్య పంతులుగారి వంటి పెద్దలు గట్టిగా ఎదురు తిరిగారు. కొద్ది కాలానికే ఆ అనుమతిని వెనక్కి తీసుకున్నారు. రామమూర్తిగారు ఊరుకోలేదు. గ్రాంథికం రాస్తున్నామనుకునే పండితుల రాతల్లోనే ఆ వ్యాకరణం ప్రకారం ఎన్ని తప్పులున్నాయో ఏరి చూపించారు. 1919లో తెలుగు అనే పత్రిక నడిపారు. నా అభిప్రాయంలో ఆయన బలం వాదనలో కన్నా ఈ ఉదాహరణల మూటలోనే ఉంది.

ఆయన పద్ధతి మీకు ఇప్పుడు అక్కరకు వస్తుంది. ఇంగ్లీషులో టు గో, టు సీ, టు డూ వంటి రూపాన్ని ఇన్‌ఫినిటివ్ అంటారు. మన వ్యాకరణంలో దీనికి దగ్గరి పేరు తుమున్నర్థకం. చాలా గైడు పుస్తకాలు టు గో అంటే వెళ్లుటకు అని ఒక్క ముక్కలో తేల్చేస్తాయి. దాన్ని బట్టీ పడితే చిక్కే. మనం నిజంగా ఎలా మాట్లాడతామో చూడండి:

ఐ కేమ్ టు సీ యు - మిమ్మల్ని చూడడానికి వచ్చాను.
ఐ వాంట్ టు సీ యు - మిమ్మల్ని చూడాలని ఉంది.
హి టోల్డ్ మి టు గో - నన్ను వెళ్లమన్నాడు.
హి టోల్డ్ మి నాట్ టు గో - నన్ను వెళ్లొద్దన్నాడు.
ఇట్ ఈజ్ హార్డ్ టు గో - వెళ్లడం కష్టం.

అక్కడ ఒకే టు, ఇక్కడ ఐదు తీర్లు. పైగా ఆ మొదటి డానికి కూడా అన్నిచోట్లా ఒకటి కాదు. తెలంగాణలో చూడనీకి, చూసేటందుకు అంటారు. అనంతపురం వైపు చూసేకి అంటారు. మీ ఇంట్లో ఏమంటారో అది రాసుకోండి. అదే మీకు సరైన మెట్టు.

ఇక టు లేకుండా వచ్చే ఇన్‌ఫినిటివ్. ఐ కెన్ గో అంటాం, కెన్ టు గో అనం. ఎందుకని చాలామంది అడుగుతారు. తెలుగులో వెళ్లగలను అనే మాటను విడదీయండి: వెళ్ల, గలను. వెళ్లలేను: వెళ్ల, లేను. వెళ్లకూడదు: వెళ్ల, కూడదు. ఈ వెళ్ల అన్నదే మన పాత తుమున్నర్థకం. ఇప్పుడది ఒంటరిగా పెద్దగా కనిపించదు, ఇలా ఇంకొక క్రియను అంటిపెట్టుకుని బతుకుతోంది. వెళ్లాలి అనేది కూడా వెళ్లవలెను అరిగి అయిన మాటే. హిందీ తెలిసినవారు మరొకటి చూడండి. జా సక్తా హూఁ అంటారు గాని జానా సక్తా హూఁ అనరు. మూడు భాషలూ ఇక్కడ ఒకే పని చేస్తున్నాయి. చేయగలగడం చెప్పే క్రియ పక్కన అసలు క్రియ తోక లేకుండా నిలబడుతుంది. కెన్, మే, మస్ట్, షుడ్, విల్ తర్వాత టు రాదు. లెట్ హిమ్ గో, వాణ్ని వెళ్లనీ, ఇక్కడా రాదు. కాని ఈ పోలిక అన్నిచోట్లా సాగదు. ఐ హావ్ టు గో అన్నప్పుడు తెలుగులో వెళ్లాలి అనే అంటాం, ఇంగ్లీషులో మాత్రం టు వచ్చి తీరుతుంది. ఆట్ తర్వాత కూడా అంతే.

మిగిలిన రూపాలు కాలాన్నీ కర్మనీ చెప్పేవి. హి సీమ్స్ టు బి స్లీపింగ్, వాడు నిద్రపోతున్నట్టున్నాడు. హి సీమ్స్ టు హావ్ గాన్, వాడు వెళ్లిపోయినట్టున్నాడు. పని అప్పటికే అయిపోతే టు హావ్. ది లెటర్ హాజ్ టు బి సెంట్ అంటే ఉత్తరం పంపాలి. పంపబడవలసి ఉన్నది అని రాయకండి, అలా ఎవరూ అనరు. ది మనీ సీమ్స్ టు హావ్ బీన్ సెంట్, డబ్బు పంపేసినట్టున్నారు.

ఇంగ్లీషువాళ్లకూ ఇలాంటి తగాదా ఒకటి ఉంది. టు అనే మాటకూ క్రియకూ మధ్య మరొక మాట దూర్చరాదని 1864లో హెన్రీ ఆల్ఫర్డ్ అనే మతాచార్యుడు పుస్తకంలో రాశాడు. బడిపంతుళ్లు ఎర్ర సిరాతో దాన్ని అమలు చేశారు. కాని ఇంగ్లీషువాళ్లు అంతకు ఎన్నో వందల ఏళ్ల ముందు నుంచీ అలా దూరుస్తూనే ఉన్నారు, ఇప్పుడూ దూరుస్తున్నారు.

1936లో ఒరిస్సా రాష్ట్రం ఏర్పడి పర్లాకిమిడి అందులో చేరింది. రామమూర్తిగారు ఆ చేర్పును ఒప్పుకోలేక, అర్ధ శతాబ్దం బతికిన ఊరు విడిచి రాజమహేంద్రవరం వెళ్లిపోయారు. 1938లో ఆంధ్ర విశ్వకళాపరిషత్తు ఆయనకు కళాప్రపూర్ణ బిరుదు ఇచ్చింది. ఆ ఏడాదే సవర నిఘంటువు వెలువడింది. 1940 జనవరి 22న కన్నుమూశారు. అప్పటికీ బడి పుస్తకాల్లో చేయుటకు, చూచుటకు పోలేదు. ఆయన పుట్టినరోజు ఆగస్టు 29ని ఇప్పుడు తెలుగు భాషా దినోత్సవంగా జరుపుతున్నారు.

ఇక మీ పని. నిన్న సంతకు మీరు ఎందుకు వెళ్లారో, అక్కడ ఏం కొనాలనుకున్నారో, ఏది కొనలేకపోయారో, ఇంట్లో మిమ్మల్ని ఏం తెమ్మన్నారో నాలుగు వాక్యాలు ముందు మీ ఇంటి మాటలో రాయండి. తర్వాత వాటినే ఇంగ్లీషులో రాసి, టు ఎక్కడ వచ్చిందో, ఎక్కడ రాలేదో గీత గీయండి.