కెప్టెన్ మాథ్యూ వెబ్

కెప్టెన్ మాథ్యూ వెబ్ (జనవరి 19, 1848 - జూలై 24, 1883) ఇంగ్లండు దేశానికి చెందిన నావికుడు, సుప్రసిద్ధ ఈతగాడు. ఇంగ్లండు, ఫ్రాన్సు దేశాల నడుమనున్న ఇంగ్లీషు ఛానెల్‌ను ఎటువంటి తేలుడు సాధనముల సహాయము లేకుండా ఈది దాటిన మొట్టమొదటి వ్యక్తిగా ఈయన ప్రపంచ ప్రఖ్యాతి గాంచాడు. 1875 ఆగస్టు 24, 25 తేదీలలో 21 గంటల 45 నిమిషాల పాటు నీటిలోనే ఉండి ఈ ఘనకార్యాన్ని సాధించాడు. ఆ తరువాత 36 సంవత్సరాల వరకు మరెవ్వరూ ఛానెల్‌ను ఈదలేకపోయారు. నదులలోను, సముద్రాలలోను దూరపు ఈత ఒక క్రీడగా రూపొందడానికి ఈయన విజయం నాంది పలికింది. ఛానెల్‌ను జయించిన ఎనిమిదేళ్ళకు నయాగరా నదిలో ఈదబోయి 35వ యేట మరణించాడు.

బాల్యము

మాథ్యూ వెబ్ ఇంగ్లండులోని ష్రాప్‌షైర్ జిల్లాకు చెందిన డాలీ అనే ఊరిలో 1848 జనవరి 19న జన్మించాడు. తండ్రి వైద్యుడు. వీరిది ఎక్కువమంది సంతానం గల పెద్ద కుటుంబం. ఇనుప పరిశ్రమకు పేరుపొందిన కోల్‌బ్రూక్‌డేల్, ఐరన్‌బ్రిడ్జ్ ప్రాంతాలలో మాథ్యూ బాల్యం గడిచింది. ఆ పక్కనే సెవర్న్ నది ప్రవహిస్తుంది. మాథ్యూ ఈత నేర్చుకొన్నది ఈ నదిలోనే. ఏ కొలనులోనో నిలకడగా ఉన్న నీటిలో కాక, ఒరవడి గల నదిలో ఈత నేర్వడం వలన ప్రవాహాన్ని గమనించే అలవాటు ఆయనకు చిన్ననాటి నుండే అబ్బింది. 1863లో సెవర్న్ నదిలో మునిగిపోతున్న తన సోదరుని రక్షించాడు.

నావిక జీవితము

పన్నెండవ యేట మాథ్యూ నావిక శిక్షణ కొరకు కాన్వే అనే శిక్షణ నౌకలో చేరాడు. మెర్సీ నదిలో లంగరు వేసి ఉండే ఈ నౌకలో రెండు సంవత్సరాలు శిక్షణ పొందిన పిమ్మట లివర్‌పూల్‌కు చెందిన రాత్‌బోన్ సోదరుల వర్తక సంస్థ ఓడలలో అప్రెంటిసుగా చేరి, తూర్పు దేశాలకు సముద్రయానం చేశాడు.

1873లో కునార్డ్ కంపెనీ వారి రష్యా అనే ఓడలో ఈయన పనిచేస్తున్నాడు. న్యూయార్కు నుండి లివర్‌పూల్‌కు వస్తుండగా అట్లాంటిక్ మహాసముద్రం మధ్యలో ఒక నావికుడు ప్రమాదవశాత్తు సముద్రంలో పడిపోయాడు. ఓడ మంచి వేగంలో ఉన్నప్పటికీ వెబ్ వెనుదీయక సముద్రంలోకి దూకాడు. పడిపోయిన వ్యక్తి మాత్రం దొరకలేదు. చల్లని నీటిలో చాలాసేపు ఉన్న తరువాత ఓడవారు పడవ పంపి వెబ్‌ను పైకి చేర్చారు. ఈ సాహసానికి గాను ఆయనకు నూరు పౌన్ల బహుమానము, ప్రాణరక్షణ సాహసానికి ఇచ్చే స్టాన్‌హోప్ పతకము లభించాయి. ఈ పతకాన్ని పొందిన మొదటి వ్యక్తి ఈయనే.

ఛానెల్‌పై ఆసక్తి

1872 ఆగస్టులో జె. బి. జాన్సన్ అనే ఈతగాడు ఇంగ్లీషు ఛానెల్‌ను ఈదాలని ప్రయత్నించి, గంటకు పైగా ఈది చలికి తట్టుకోలేక విరమించుకొన్నాడు. ఎమరాల్డ్ అనే ఆవిరి ఓడకు కెప్టెనుగా ఉన్న వెబ్ 1873లో ఈ ప్రయత్నాన్ని గురించి పత్రికలో చదివాడు. తాను ప్రయత్నించిన చాలాకాలం చలినీటిలో నిలువగలనన్న నమ్మకం ఆయనకు కలిగింది. ఉద్యోగం వదలి లండన్‌లోని లాంబెత్ ఈత కొలనులో సాధన ప్రారంభించాడు. అక్కడి శిక్షకుడు ఫ్రెడరిక్ బెక్‌విత్ ఈయనను థేమ్స్ నదిలో ఈదించి పరీక్షించాడు.

ఛానెల్ అత్యంత ఇరుకుగా ఉన్నచోట దాని వెడల్పు సుమారు 33 కిలోమీటర్లు. ఈతగానికి దూరము కంటె పెద్ద అడ్డంకులు రెండున్నాయి. మొదటిది చలి. వేసవి చివరి రోజులలో కూడ నీటి ఉష్ణోగ్రత సుమారు 16 నుండి 18 డిగ్రీల సెల్సియస్ మాత్రమే ఉంటుంది. శరీరం గాలిలో కంటె నీటిలో ఎన్నో రెట్లు వేగంగా వేడిని కోల్పోతుంది కనుక, మన ప్రాంతపు శీతకాలపు ఉదయాన చల్లగా తోచే గాలి వంటి ఉష్ణోగ్రతే నీటిలో కొన్ని గంటలలో ప్రాణాపాయం కలిగించగలదు. రెండవది ఆటుపోట్ల వలన పుట్టే ప్రవాహం. ఇది ఈతగాని దారికి అడ్డంగా పారుతూ, సుమారు ఆరు గంటలకొకసారి దిశ మార్చుకొంటుంది. అందువలన ఛానెల్‌ను తిన్నగా దాటడం వీలుకాదు. ఈదినవాని మార్గం మెలికలు తిరిగి ఉంటుంది.

వెబ్ సాధన ఈ రెండు అడ్డంకులను దృష్టిలో ఉంచుకొని సాగింది. కొలనులో సాధనతో తృప్తిపడక థేమ్స్ నదిలోను, డోవర్ దగ్గర సముద్రంలోను ఈదుతూ శరీరాన్ని చలికి అలవాటు చేశాడు. 1875 జూలైలో థేమ్స్ నదిలో బ్లాక్‌వాల్ నుండి గ్రేవ్స్‌ఎండ్ వరకు సుమారు 20 మైళ్ళ దూరాన్ని ఐదు గంటలలోపే ఈదాడు. సముద్రం వైపు పారే నీటి ఒరవడిని తనకు అనుకూలంగా వినియోగించుకొనడం వలననే ఇది సాధ్యపడింది. అదే వేసవిలో డోవర్ నుండి రామ్స్‌గేట్ వరకు తీరం వెంబడి సముద్రంలో కూడ ఈదాడు.

ఆ సంవత్సరం మే నెలలో పాల్ బాయ్‌టన్ అనే అమెరికా సాహసికుడు ఛానెల్‌ను దాటాడు. అయితే అతడు గాలి నింపిన రబ్బరు దుస్తులు ధరించి, వెల్లకిల తేలుతూ తెడ్డుతో నీటిని తోసుకొంటూ వెళ్ళాడు. ఏ సాధనమూ లేకుండా మనిషి తన చేతులు, కాళ్ళ బలంతో ఛానెల్‌ను ఈదగలడా అన్న ప్రశ్న అలాగే మిగిలిపోయింది.

తొలి ప్రయత్నము

1875 ఆగస్టు 12న వెబ్ డోవర్ నుండి తొలి ప్రయత్నం చేశాడు. సుమారు ఏడు గంటలు ఈదిన తరువాత గాలి ఉధృతమై అలలు పెరిగాయి. ప్రవాహం ఆయనను దారి నుండి చాలా దూరం తీసుకుపోయింది. ఇంకా శక్తి ఉన్నప్పటికీ, ఆ స్థితిలో తీరం చేరడం అసాధ్యమని గుర్తించి విరమించుకొన్నాడు. పట్టుదలకు పోక వెనుదిరగడం వలన పన్నెండు రోజులలోనే మరల ప్రయత్నించగలిగాడు.

ఛానెల్ విజయము

1875 ఆగస్టు 24 మధ్యాహ్నం 12 గంటల 56 నిమిషాలకు వెబ్ డోవర్‌లోని అడ్మిరల్టీ పియర్ నుండి నీటిలోకి దూకాడు. చలి నుండి రక్షణగా శరీరమంతటికీ పార్పాయిస్ అనే సముద్ర జంతువు కొవ్వును పూసుకొన్నాడు. వెంట మూడు పడవలు వచ్చాయి. ప్రయత్నం సక్రమంగా జరిగినదో లేదో గమనించడానికి పత్రికా విలేఖరులు కూడ పడవలలో ఉన్నారు. దారిలో వారందించే ఆహార పానీయాలను నీటిలో ఉండియే పుచ్చుకొనేవాడు. మాంసరసము, కాఫీ, కొద్దిపాటి బ్రాందీ వంటివి వీటిలో ఉండేవి.

ఈయన ఈదినది బ్రెస్ట్‌స్ట్రోక్ పద్ధతి. ఇందులో ఈతగాడు బోర్లా ఉండి, రెండు చేతులను ఒకేసారి ముందుకు చాచి పక్కలకు తోస్తూ, కాళ్ళను కప్పవలె కదిలిస్తాడు. ఇది వేగవంతమైనది కాదు గాని, తలను నీటిపై ఉంచి శ్వాస సులభంగా తీసుకొనవచ్చును, చుట్టూ చూడవచ్చును. వెబ్ తొందరపడక, ఒకే లయలో గంటల తరబడి ఈదాడు. మొదటి గంటలలో సముద్రం ప్రశాంతంగా ఉంది. చీకటి పడిన తరువాత ఒక జెల్లీచేప కుట్టడం వలన తీవ్రమైన బాధ కలిగింది. కొద్దిగా బ్రాందీ పుచ్చుకొని మరల ఈత కొనసాగించాడు.

తెల్లవారు సమయానికి ఫ్రాన్సు తీరం దగ్గరలోనే కనిపించింది. అయితే అసలు కష్టం అక్కడే మొదలయింది. గ్రీ నే అంతరీపం దగ్గర బలమైన ప్రవాహం ఆయనను ఒడ్డు చేరనీయక సుమారు ఐదు గంటల పాటు తీరానికి సమాంతరంగా తోసుకొనిపోయింది. గాలి లేచి అలలు కూడ పెరిగాయి. ఈ చివరి గంటలలో వెబ్ ప్రవాహానికి ఎదురీది బలం వృథా చేసుకొనలేదు. తేలుతూ, నెమ్మదిగా కదులుతూ, ప్రవాహం మారువరకు ఓపిక పట్టాడు. చివరి దశలో కలే నుండి వచ్చిన ఒక పడవ, అలలు నేరుగా తగలకుండ గాలివైపున ఆయన పక్కన సాగింది. ఆగస్టు 25 ఉదయం 10 గంటల 41 నిమిషాలకు ఆయన పాదాలు కలే సమీపంలోని ఇసుకను తాకాయి. తిన్నగా 33 కిలోమీటర్లున్న దూరానికి ఆయన మెలికలుగా తిరిగిన మార్గం సుమారు 40 మైళ్ళు, అనగా 64 కిలోమీటర్లని అంచనా.

కీర్తి - జీవనోపాధి

ఈ విజయంతో వెబ్ దేశమంతటా ఆరాధ్యుడయ్యాడు. స్టాక్ ఎక్స్ఛేంజి వారు విరాళాలు సేకరించి రెండు వేల పౌన్లకు పైగా అందజేశారు. ఈతను గురించిన ఆయన పుస్తకం వెలువడింది. ఆయన బొమ్మతో అగ్గిపెట్టెలు, ఇతర వస్తువులు అమ్మకానికి వచ్చాయి. ఈత నేర్చుకొనడంపై బ్రిటన్ ప్రజలలో ఆసక్తి పెరిగింది.

అయితే ఈత వలన స్థిరమైన ఆదాయము లభించే రోజులు కావవి. ఒకసారి సాధించిన ఛానెల్‌ను మరల ఈదితే చూడడానికి జనం రారు. సముద్రంలో ఈదేవానిని చూడడానికి టిక్కెట్టు పెట్టడం కూడ సాధ్యం కాదు. అందువలన ఆయన పందేలలోను, టిక్కెట్టు ప్రదర్శనలలోను పాల్గొనవలసి వచ్చింది. 1879లో లాంబెత్‌లో రోజుకు 14 గంటల చొప్పున ఆరు రోజులు ఈదే పందెంలో పాల్గొన్నాడు. అదే సంవత్సరం అమెరికా వెళ్ళి న్యూయార్కు ప్రాంతపు సముద్రంలో ఈదాడు. ఒక ప్రదర్శనలో నీటి తొట్టిలో 128 గంటలు తేలుతూ గడిపాడు.

1880 ఏప్రిల్ 27న మాడలీన్ చాడాక్‌ను వివాహమాడాడు. వీరికి ఒక కుమారుడు, ఒక కుమార్తె. కుటుంబ బాధ్యతలు పెరుగుతుండగా ఎడతెగని ప్రదర్శనల వలన ఆరోగ్యం దెబ్బతిన్నది. జనం కూడ క్రమంగా ఇటువంటి ప్రదర్శనలకు అలవాటు పడిపోయారు. ఇంతకుముందు ఎవ్వరూ చేయనిది చేస్తే తప్ప పూర్వపు ఆదరణ రాదని వెబ్ భావించాడు.

నయాగరాలో మరణము

అమెరికా, కెనడా దేశాల సరిహద్దులో నయాగరా జలపాతానికి దిగువన నది ఇరుకైన లోయలో బ్రహ్మాండమైన వేగంతో పారుతుంది. వర్ల్‌పూల్ రాపిడ్స్ అని పిలిచే ఈ భాగం చివర పెద్ద సుడిగుండం ఉంది. వెబ్ ఈ ప్రవాహంలో ఈదడానికి పూనుకొన్నాడు. ప్రాణాపాయమని పలువురు వారించినా వినలేదు.

ఛానెల్ విజయానికి ఆధారమైనవేవీ ఇక్కడ లేవు. అలసినప్పుడు పక్కన ఉండే పడవ ఆ ప్రవాహంలో నిలువలేదు. అనుకూల సమయం కొరకు వేచి ఉండడానికి ఆ నీరు ఆటుపోట్ల వలె తగ్గేది కాదు. మధ్యలో విరమించుకొనే అవకాశమే లేదు. చలిని ఓర్చుకొనే శక్తి, ఎంతసేపైనా ఈదగల దేహదారుఢ్యం అక్కడ అక్కరకు రావు.

1883 జూలై 24 సాయంత్రం రైల్వే వంతెన సమీపంలో ఒక చిన్న పడవ నుండి ఆయన నదిలోకి దూకాడు. కొంతదూరం వరకు ఒడ్డున ఉన్నవారికి కనిపించాడు. పిమ్మట సుడిగుండం దగ్గర అదృశ్యమయ్యాడు. పది నిమిషాల లోపే మరణం సంభవించి ఉంటుందని భావిస్తారు. నాలుగు రోజుల తరువాత దిగువ నదిలో మృతదేహం లభించింది. న్యూయార్కు రాష్ట్రంలోని నయాగరా ఫాల్స్ పట్టణంలో ఓక్‌వుడ్ శ్మశానవాటికలో ఈయన సమాధి ఉంది.

స్మారక చిహ్నాలు

1909లో స్వగ్రామమైన డాలీలో ఈయన స్మారక స్తంభాన్ని సోదరుడు థామస్ ఆవిష్కరించాడు. గొప్ప కార్యమేదీ సులభం కాదన్న భావం దానిపై చెక్కబడి ఉంది. డోవర్‌లో కూడ ఈయన స్మారక విగ్రహం ఉంది. 1965లో అంతర్జాతీయ ఈత కీర్తిమందిరంలో ఈయన పేరును చేర్చారు.

తరువాతి ఈతగాళ్ళు

వెబ్ తరువాత ఛానెల్‌ను ఈదిన రెండవ వ్యక్తి థామస్ విలియం బర్జెస్. ఈయన అనేక విఫల ప్రయత్నాల అనంతరం 1911లో విజయం సాధించాడు. 1926లో అమెరికాకు చెందిన గర్‌ట్రూడ్ ఎడర్లీ ఛానెల్‌ను ఈదిన మొదటి మహిళ అయింది. క్రాల్ పద్ధతిలో సుమారు పద్నాలుగున్నర గంటలలో దాటి, అప్పటివరకు పురుషులు నెలకొల్పిన సమయాలన్నిటినీ అధిగమించింది. 1927లో ఛానెల్ ఈతలను పర్యవేక్షించి ధ్రువీకరించే సంఘం ఏర్పడింది.

భారతీయులలో మొదటివాడు మిహిర్ సేన్. 1958 సెప్టెంబరు 27న ఛానెల్‌ను ఈదిన ఈయన, 1966లో పాక్ జలసంధిని కూడ ఈదాడు. 1959 సెప్టెంబరు 29న ఆరతి సాహా ఛానెల్‌ను ఈదిన మొదటి ఆసియా మహిళగా పేరు పొందింది.

నేటికీ సంప్రదాయ నియమాల ప్రకారం ఛానెల్‌ను ఈదేవారు వేడిని నిలిపే రబ్బరు దుస్తులు ధరించరాదు. మార్గమధ్యంలో పడవను గాని, మనిషిని గాని ఆధారంగా పట్టుకొనరాదు. వెంట మాత్రం ఆ ప్రాంతపు ఆటుపోట్లు తెలిసిన నావికుని పడవ తప్పనిసరిగా ఉండాలి. చలికి ముందుగా అలవాటు పడడం, నీటి ఒరవడిని అనుసరించి బయలుదేరు వేళను నిర్ణయించుకొనడం, పరిస్థితి ప్రతికూలమైనప్పుడు విరమించడం ఈనాటి దూరపు ఈతగాళ్ళు పాటించే జాగ్రత్తలు. 1875 ఆగస్టులో వెబ్ పాటించినవి కూడ ఇవే.